కలకత్తా చదరంగములో రెండు సాహసములు

చదరంగమాడు ప్రతి ఇంటిలోను ఒక పెద్దవారుందురు. పిల్లవాడు గుఱ్ఱమును ముందుకు దూకించుటకై చేయెత్తగనే ఆయన “అది తప్పు ఎత్తురా” అనును. ఎందుచేత తప్పో చెప్పుట అరుదు. పిల్లవాడు సాధారణముగా చేయి వెనుకకు తీసికొనును. ఎప్పుడైన తీసికొననిచో గుఱ్ఱము పోవును, దాని వెంట ఆటయు పోవును. కాని ఒక్కొక్కమారు పెద్దవారి రాజే చిక్కులో పడును. అప్పుడు ఇంటిలో తగవు పుట్టును. ఎత్తు తప్పా? తప్పే అయినచో గెలుపెట్లు వచ్చినది? గెలిచినంతమాత్రమున తప్పు ఒప్పగునా?

ఇట్టి తగవే నూటడెబ్బది ఏండ్లకు పూర్వము కలకత్తా నగరములో ఇద్దరు గొప్ప ఆటగాండ్ర నడుమ సాగినది. వారిలో ఒకరు స్కాట్లండు దేశీయుడైన న్యాయవాది. రెండవవారు వంగదేశపు పల్లెపట్టునుండి వచ్చిన బ్రాహ్మణుడు. ఇరువురును నాటి పుస్తకములు ఒప్పుకొనని ఎత్తులు వేసిరి. ఒకరి సాహసము పిడుగువంటిది. మరియొకరిది చాపక్రింది నీరువంటిది. వానిలో ఏది కాలమునకు నిలిచినది, ఏది నిలువలేదు, అట్లేల జరిగినది అను విషయమును ఈ ప్రసంగములో విచారింతము. ఇంట చదరంగపు పలక యున్నవారు దానిని ముందుంచుకొనినచో విషయము మరింత సులువుగా బోధపడును.

ఆట ఆరంభముననే ఒక బంటునో బలమునో ఎరగా విడిచి, అందుకు మారుగా వేగమును, దాడిని సంపాదించు పద్ధతిని యూరపువారు గాంబిట్ అందురు. స్పెయిను దేశపు మతాచార్యుడు రూయి లోపెజ్ 1561లో ప్రకటించిన చదరంగ గ్రంథముతో ఈ మాట వాడుకలోనికి వచ్చినది. దానికి మూలము ఇటలీ భాషలో కాలికి సంబంధించిన ఒక పదము. కుస్తీలో ఎదుటివాని కాలికి కాలు మెలివేసి పడవేయుట అని దాని భావము. మెలివేయువాడు ఒక్క క్షణము ఒంటికాలిపై నిలువవలెను గదా! మెలిక పట్టినచో ప్రత్యర్థి పడును. పట్టనిచో తానే పడును. గాంబిట్టులోని ప్రమాదమంతయు ఆ ఒంటికాలి నిలుకడలో ఉన్నది.

అన్ని గాంబిట్లును ఒక్క తీరువి కావు. కొన్నింటిలో విడిచిన బంటునకు తగిన ప్రతిఫలము తప్పక లభించును. అవి మంచి బేరములు. మరికొన్నింటిలో ప్రత్యర్థి తడబడినచో మాత్రమే ఫలము. అతడు నిదానించి సరియైన జవాబు చెప్పినచో పోయినది పోయినట్లే. ఇట్టివానిని పుస్తకములు నమ్మరాని ఎత్తులని త్రోసిపుచ్చును. త్రోసిపుచ్చినను ఆడువారు మాత్రము మానలేదు. మన కథానాయకులలో మొదటివాడు అట్టివారిలో అగ్రగణ్యుడు.

ఆయన పేరు జాన్ కోక్రేన్. 1798లో జన్మించెను. ఇరువదిమూడేండ్ల వయస్సున, 1821లో, ఫ్రాన్సుకు పోయి ఆ కాలపు మహామల్లులైన దేషాపెల్, లాబూర్డొనే అనువారితో తలపడెను. మరుసటి యేడు చదరంగముపై ఒక గ్రంథము ప్రకటించెను. 1824లో లండను క్లబ్బునకును, ఎడింబరో క్లబ్బునకును లేఖలద్వారా పందెపు ఆట మొదలైనప్పుడు లండను పక్షమున సలహాలిచ్చినవారిలో ఆయన ఒకరు. ఆ పోటీ తేలకమునుపే ఆయన ఓడయెక్కి కలకత్తా చేరెను. అక్కడ న్యాయవాదిగా గొప్ప పేరు గడించెను. నడుమ ఒకమారు సెలవుపై ఇంగ్లండు పోయినప్పుడు హోవర్డ్ స్టాంటన్ అను ప్రసిద్ధ క్రీడాకారునితో వందలకొలది ఆటలాడెను. వానిలో అధికభాగము స్టాంటనే గెలిచెను. అయినను కోక్రేన్ తన తీరు మార్చుకొనలేదు. కాపాడుకొని గెలుచుటకంటె దాడిచేసి ఓడుటయే ఆయనకు ప్రీతి.

ఇక ఆయన పేరిట నిలిచిన గాంబిట్టును చూతము. తెల్లబలము రాజు ముందున్న బంటును రెండు గడులు నడిపినది. నల్లబలమును అట్లే చేసినది. తెల్లగుఱ్ఱము రాజుపక్షమునుండి వెలువడి నల్లబంటుపై గురిపెట్టినది. నల్లబలము ఆ బంటును కాచుకొనక, తన గుఱ్ఱమును వెలికి దీసి తెల్లబంటుపై గురిపెట్టినది. ఈ ఆరంభమును రష్యా దేశీయుడైన పెట్రోవ్ పేరిట వ్యవహరింతురు. తెల్లగుఱ్ఱము నల్లబంటును చంపినది. అప్పుడు నల్లబలము మంత్రి ముందున్న బంటును ఒక గడి జరిపి, ఆ గుఱ్ఱమును “వచ్చిన దారిని పొమ్ము” అన్నది. ఇంతవరకు మూడేసి ఎత్తులైనవి.

ఈ స్థితిలో ఆడువారు దాదాపు అందరును గుఱ్ఱమును వెనుకకు తీసికొందురు. కోక్రేన్ తీసికొనలేదు. 1848లో కలకత్తాలో ఆడిన ఒక ఆటలో ఆయన గుఱ్ఱము వెనుకకు పోవుటకు మారుగా ముందుకు దూకి, నల్లరాజు ప్రక్కనుండు శకటునకు ముందున్న బంటును చంపినది. ఆట ఆరంభములో ఆ బంటునకు రాజుకంటె వేఱు కాపరి లేడు. నల్లబలపు కోటలో అన్నిటికంటె పలుచని గోడ అదియే. అక్కడ నిలిచిన గుఱ్ఱము ఒకవైపు మంత్రిని, మరియొకవైపు ఏనుగును బెదిరించును. కావున రాజు స్వయముగా దిగివచ్చి దానిని చంపక తప్పదు. చంపినంతనే రాజునకు కోట కట్టుకొను హక్కు పోవును. రాజు నడివీధిలో నిలిచిపోవును.

ఇప్పుడు చిల్లర లెక్క చూతము. సాధారణముగా గుఱ్ఱము వెల మూడు బంట్లు. కోక్రేనునకు దక్కినవి రెండు బంట్లు. అనగా ఒక బంటు నష్టము. దానికి బదులుగా ప్రత్యర్థి రాజునకు నిలువనీడ లేకుండ పోవుట, పలక నడుమ తెల్లబంట్లు జంటగా ముందుకు నడచుటకు దారి తెరచుకొనుట అనునవి లభించినవి. ఇది చాలునా, చాలదా అనునదే తగవు. కోక్రేన్ వెంటనే శకటును దింపి రాజుపై దాడి చేసెడివాడు. కాని నల్లబలము మంత్రి ముందరి బంటును మరల ఒక గడి త్రోసి ఆ దాడికి అడ్డు పెట్టవచ్చును. ఆ ఒక్క ఎత్తుతో దాడి వాడి చాలవరకు తగ్గును. అందుచేత తరువాతి తరములవారు తొందరపడి దాడి చేయుట మాని, ముందు నడుమ బంట్లను నిలుపుటయే మేలని తేల్చిరి. నేటి గణనయంత్రములు సైతము నిదానముగా ఆడినచో నల్లబలమునకే మేలని చెప్పుచున్నవి. తెల్లబలమునకు ఆశ లేకపోలేదు. హామీ మాత్రము లేదు.

మేము ఈ ఎత్తును మా మిత్రులపై పలుమారులు ప్రయోగించి చూచితిమి. తెలియనివారిపై వేసినచో వారు గుఱ్ఱము వంకను, మా ముఖము వంకను మార్చి మార్చి చూచి, ఏదో మాయ యున్నదని భయపడి, మాయ లేనిచోట మాయను వెదకి ఓడిరి. తెలిసినవారు మాత్రము గుఱ్ఱమును చంపి, రాజును మెల్లగా ప్రక్కకు జరిపి, తక్కిన ఆటను తాపీగా గెలిచిరి. నమ్మరాని గాంబిట్టు స్వభావ మిదియే. అది పలకమీది బలమును గాక ఎదుట కూర్చున్న మనిషిని పరీక్షించును.

నాటి కాలము కూడ ఇట్టి ఆటకు అనుకూలమైనది. ఎర చూపినచో పట్టకుండుట పిరికితనమని అప్పటివారి భావము. 1851లో లండను నగరమున ఆండర్సన్ అను జర్మను పండితుడు కీసెరిట్జ్‌కీతో ఆడిన ఆటలో ఒక శకటును, రెండు ఏనుగులను, తుదకు మంత్రిని బలియిచ్చి, మిగిలిన చిన్న బలములతోనే ఆట కట్టెను. దానిని నేటికిని అమరక్రీడ యని కొనియాడుదురు. నిదానముగా బలి స్వీకరించి, దాడిని సహించి, తుదకు ఆ అధికబలముతోనే గెలుచుట ఒక శాస్త్రమని ఆ తరువాతి కాలమున స్టైనిట్జ్ నేర్పెను. ఆయన 1886లో మొదటి అధికారిక ప్రపంచ విజేత యయ్యెను. కోక్రేన్ సాహసము స్టైనిట్జునకు ముందుతరపు వస్తువు.

ఇక రెండవ కథానాయకుని సంగతి. ఆయన పేరు మహేశచంద్ర బెనర్జీ. ఆంగ్లేయులు ఆ పేరును తమ నోటికి వచ్చినట్లు పలు తీరుల వ్రాసిరి. పల్లెపట్టున ఓటమి యెరుగని బ్రాహ్మణుడొకడున్నాడని విని కలకత్తా క్లబ్బువారు ఆయనను పిలిపించి కోక్రేను ఎదుట కూర్చుండబెట్టిరి. మొదటి ఆటలలో మహేశచంద్రుడు ఓడెను. అయినను ఆ ఓటమిలోనే ఆయన శక్తి యెట్టిదో కోక్రేను గ్రహించెను. క్లబ్బువారు ఆయనకు జీతమిచ్చి తమ యొద్ద నిలుపుకొనిరి. నాటినుండి ఏండ్ల తరబడి వారిరువురును వందలకొలది ఆటలాడిరి. ఎక్కువ గెలిచినది కోక్రేనే. కాని కలకత్తాలో ఆయనతో సరిసమానముగా కూర్చుండి ఆడదగినవాడు మహేశచంద్రుడే యని క్లబ్బువారే ఒప్పుకొనిరి.

మహేశచంద్రుడు ఎదుర్కొన్న కష్టమేమో మనము తెలిసికొనవలెను. ఆయన బాల్యమునుండి ఆడినది మన దేశపు చదరంగము. యూరపు పద్ధతిలో బంటు మొదటిమారు రెండు గడులు పోవచ్చును; మన దేశమున పలుచోట్ల ఒక్క గడియే పోవలెను. యూరపు పద్ధతిలో రాజును, ఏనుగును ఒక్క ఎత్తులో జరిపి కోట కట్టవచ్చును. మన పాత పద్ధతిలో కోట లేదు. దానికి మారుగా, దాడికి గురికాని రాజు ఆటలో ఒక్కమారు గుఱ్ఱమువలె దూకవచ్చును. కావున మన ఆటలో ఆరంభము నిదానముగా సాగును. రెండు పక్షములును తమ తమ ఇండ్లు చక్కబెట్టుకొనిన పిమ్మటగాని పోరు మొదలు కాదు. నడివయస్సున క్రొత్త నియమములు నేర్చుకొనుట తల్లిభాష మాని పరభాషలో వాదించుట వంటిది. అందులోను ప్రత్యర్థి ఆ భాషలో ఆరితేరిన న్యాయవాది!

మహేశచంద్రుడు క్రొత్త నియమములను నేర్చెను గాని పాత నడకను పూర్తిగా మానలేదు. రాజుపక్షపు గుఱ్ఱమునకు ముందున్న బంటును ఒక్క గడి మాత్రమే జరిపి, ఆ సందులో శకటును నిలిపెడివాడు. అచ్చటనుండి ఆ శకటు పలకను మూలనుండి మూలకు చూచుచుండును. పలక నడుమనున్న గడులను మాత్రము ప్రత్యర్థికి విడిచిపెట్టెడివాడు. “రమ్ము, వచ్చి నీ బంట్లను నిలుపుకొనుము, తరువాత చూతము” అన్నట్లు ఆయన ఆట యుండెను.

నాటి యూరపు శాస్త్రము ననుసరించి ఇది పెద్ద తప్పు. ఫ్రాన్సు దేశీయుడైన ఫిలిడోర్ 1749లో ప్రకటించిన గ్రంథమునుండి, బంట్లను కలసికట్టుగా నడిపి పలక నడుమ నిలుపుటయే విద్యయని అందరును నమ్మిరి. నడిమి గడులను ఎదుటివానికి వదలుట పొలమును పరులకప్పగించి గట్టుమీద కూర్చుండుట వంటిదని వారి మతము. మహేశచంద్రుడు బంటును గాని, గుఱ్ఱమును గాని బలియిచ్చుట లేదు. కాని చోటును బలియిచ్చుచున్నాడు. మా దృష్టిలో ఇదియు ఒక గాంబిట్టే. కోక్రేను గుఱ్ఱమును ఎర వేసెను. మహేశచంద్రుడు నేలను ఎర వేసెను. శత్రువు బంట్లు ఎంత ముందుకు వచ్చిన అంతగా అవి దాడికి గురి యగునని ఆయన నమ్మకము.

ఈ ఇరువురి సాహసములును 1855 మే నెలలో ఆడిన ఒక ఆటలో ఎదురుపడినవి. ఆనాడు కోక్రేను తెల్లబలముతో మంత్రి ముందరి బంటును నడిపెను. మహేశచంద్రుడు గుఱ్ఱమును వెలికి దీసి, శకటునకు మూలదారి తెరచి, మూడవ ఎత్తున నడిమి బంటుపై తన బంటును తాకించెను. బంట్లు మారినవి, గుఱ్ఱములు మారినవి. తెల్లబలమునకు నడుమ గట్టి బంట్లు ఏర్పడెను. నల్లబలము ఆ బంట్లను ప్రక్కనుండి కొట్టుచు, మూల శకటుతో నొక్కుచు పోయెను. నేటి ప్రపంచ విజేతలు ఆడు ఆరంభమునకు ఇది అచ్చముగా నమూనా.

కాని పదునాలుగవ ఎత్తున మహేశచంద్రుడు కోటలోని ఏనుగును ఒక గడి ప్రక్కకు జరిపెను. చూచుటకు నిరపాయమైన ఎత్తే. అయితే ఆ ఏనుగు అంతవరకు కాచుచున్నది రాజు ప్రక్కనుండు ఆ పలుచని గోడనే! ఏనుగు తొలగినంతనే ఆ బంటునకు మరల రాజుకంటె వేఱు కాపరి లేకపోయెను. కోక్రేను మంత్రి దూరమునుండి ఆ గడివైపే చూచుచుండెను. నాలుగెత్తులు గడచినవి. పదునెనిమిదవ ఎత్తున ఆయన గుఱ్ఱము ఆ బంటుపై దూకినది. ఏడేండ్లక్రిందట ఏ గడిపై దూకినదో, ఈనాడును ఆ గడిపైనే దూకినది.

ఈమారు రాజు దానిని చంపుటకు వీలులేదు. వెనుక మంత్రి కాపున్నది. మహేశచంద్రుడు గుఱ్ఱమును నడిపి ఆ మంత్రినే బెదిరించెను. తెల్లగుఱ్ఱము ప్రక్కకు దూకి, తానును, తన వెనుకనున్న మంత్రియు ఒక్కసారే రాజుపై దాడి చేయునట్లు నిలిచినది. నల్లరాజు మూలకు పోయినచో తెల్లమంత్రి వచ్చి రాజు ప్రక్కనే నిలిచి ప్రాణమిచ్చును. దానిని చంపుటకు నల్ల ఏనుగు రాక తప్పదు. ఏనుగు వచ్చి నిలుచుటతో రాజునకు ఉన్న ఒక్క దారియు మూసికొనిపోవును. తెల్లగుఱ్ఱము మరల ఆ గడిపైకే వచ్చి ఆట కట్టును. తన బంట్లు, తన శకటు, తన ఏనుగు నాలుగు గోడలై నిలువగా రాజు ఊపిరాడక మడియును. పందొమ్మిదవ ఎత్తునుండి మూడెత్తులలో ముగింపు. శత్రువును ఆపుటకు కట్టిన కోటయే రాజునకు చెఱయైనది.

1848 నాటి గుఱ్ఱపు దూకుడును, 1855 నాటి దూకుడును ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో మనకొక భేదము గోచరించును. చూచువానికి రెండును ఒక్కటే. గడియు ఒక్కటే, గుఱ్ఱమును ఒక్కటే. మొదటిది మాత్రము ఆశపై చేసిన బలి. ప్రత్యర్థి సరిగా ఆడినచో దానికి రక్షణ లేదు. రెండవదాని వెనుక లెక్క యున్నది. ఆ స్థితికి వచ్చిన పిమ్మట ప్రత్యర్థి యేమి చేసినను ముగింపు మారదు. చదరంగములో సాహసమునకును, దూరదృష్టికిని వెలుపలి రూపము ఒక్కటే. అందుచేతనే ప్రక్కన కూర్చుండి చూచువారు ఒకదానిని మరియొకటిగా భ్రమపడుదురు.

ఆటలో కోక్రేను గెలిచెను. నాడు క్లబ్బులో చూచినవారు నల్లబలపు ఆరంభమే తప్పని తలచినచో వారిని తప్పుపట్టలేము. ఓడినవాని ఆరంభమును ఎవరు మెచ్చుకొందురు? కాని ఓటమికి కారణము ఆరంభము కాదు. నడిమి ఆటలో పొరపాటున జరిపిన ఒక్క ఏనుగు. ఈ రెంటిని విడదీసి చూచుటకు లోకమునకు చాలకాలము పట్టినది.

కోక్రేను చేసిన ఒక మంచిపనిని ఇచ్చట మరువరాదు. ఆయన తమ ఆటలను వ్రాసిపెట్టి ఇంగ్లండునకు పంపెను. స్టాంటన్ నడపిన చదరంగ పత్రికలో అవి అచ్చయ్యెను. ఆటతో పాటు ప్రత్యర్థి పేరును అచ్చుకెక్కెను. జీతమునకు నిలిచిన పల్లెటూరి బ్రాహ్మణుని నడక సముద్రము దాటి యూరపు చేరుటకు ఆయనపై గెలిచిన న్యాయవాది కలమే వాహనమైనది. మహేశచంద్రుడు నడచిన దారికి యూరపువారు పెట్టిన పేరు ‘ఇండియన్ డిఫెన్సు’. 1884 నాటికే ఆ పేరు అచ్చులో కనబడుచున్నది. రాజుపక్షమున శకటును మూలదారిలో నిలుపు పద్ధతికి కింగ్స్ ఇండియన్ అని పేరు వచ్చినది.

1922లో వియన్నా నగరవాసి ఎర్న్‌స్ట్ గ్రూన్‌ఫెల్డ్, నడిమి గడులను ఎదుటివానికి వదలి ప్రక్కనుండి కొట్టు ఆ మూడవ ఎత్తును తిరిగి ఆడెను. ఆ యేడే దానితో అలెఖైన్ అంతటివానిని ఓడించెను. అలెఖైన్ 1927లో ప్రపంచ విజేత యయ్యెను. నాటినుండి ఆ ఆరంభమునకు గ్రూన్‌ఫెల్డ్ పేరు స్థిరపడినది. 1956లో పదమూడేండ్ల బాబీ ఫిషర్ డొనాల్డ్ బైరన్‌పై మంత్రిని బలియిచ్చి గెలిచిన సుప్రసిద్ధమైన ఆట ఈ ఆరంభమునుండి పుట్టినదే. తరువాత కాస్పరోవ్ కార్పోవుతో ప్రపంచ విజేత పదవికై పోరాడినప్పుడును దీనిని ఆయుధముగా గ్రహించెను. 1855లో మూడెత్తులలో ఊపిరాడక మడిసిన ఆ నల్లబలపు నడకయే ఇంతవరకు వచ్చినది.

మరి కోక్రేను గుఱ్ఱము సంగతి యేమి? అదియు మరణింపలేదు. 1999లో స్పెయినులోని లినారెస్ పోటీలో టొపలోవ్ ఆ నాలుగవ ఎత్తును క్రామ్నిక్‌పై వేసి లోకమును ఆశ్చర్యపరచెను. క్రామ్నిక్ మరుసటి యేడే కాస్పరోవును ఓడించి విజేతయైన మహాశూరుడు. పెట్రోవ్ ఆరంభములో అందెవేసిన చేయి. ఆ ఆట సమముగా ముగిసెను. నూటయేబది ఏండ్ల పిమ్మట అంతటివాని ఎదుట ఆ ఎత్తు ఓడిపోలేదనుట దానికి గౌరవమే. అయినను పుస్తకములు దానిని నేటికిని అదృష్టముపై ఆధారపడిన ఎత్తుగానే పరిగణించుచున్నవి. దానిని ఎప్పుడో ఒకనాడు, ప్రత్యర్థిని నివ్వెరపరచుటకు వాడుదురు. దినదినము దానిని నమ్ముకొని జీవించువారు లేరు.

కలకత్తాలోని రెండు సాహసముల తీర్పు ఇట్లు వెలువడినది. గెలిచినవాని గాంబిట్టు వింతగా మిగిలినది. ఓడినవాని పద్ధతి విద్యగా మారినది. ఆనాడు వారిరువురిలో ఎవరు పెద్ద పందెము కాసిరని మమ్మడిగినచో మహేశచంద్రుడే యని మేము చెప్పుదుము. కోక్రేను బలియిచ్చినది ఒక గుఱ్ఱము. అది పోయినను ఆయనకు పోవునది ఒక సాయంకాలపు ఆట మాత్రమే. మహేశచంద్రుడు పరుల నియమములలో, పరుల క్లబ్బులో, జీతమునకు కూర్చుండి, “నీవు నేర్చుకొనని దారి ఇది, ఇది చెల్లదు” అని గ్రంథములు చెప్పుచున్నను ఆ దారినే నడచెను. ఓడినను మానలేదు.

అట్లని పుస్తకము త్రోసిపుచ్చిన ప్రతి ఎత్తును రేపటి విద్యయని మేము అనము. అందులో అధికభాగము వట్టి తప్పులే. తప్పునకును, క్రొత్త దారికిని భేదమును తెలిసికొనుటకు ఒక ఆట ఫలితము చాలదు. ఆట ముగిసిన పిమ్మట పలకను మరల పరచి, ఎచ్చట పొరపాటు జరిగినదో వెదకవలెను. ఓటమి ఆరంభమునుండి వచ్చినదా, నడుమ జరిపిన ఏనుగునుండి వచ్చినదా అని అడుగవలెను. గెలుపు లెక్కనుండి వచ్చినదా, ఎదుటివాని భయమునుండి వచ్చినదా అనియు అడుగవలెను. గెలిచినవానికి ఈ రెండవ ప్రశ్న కష్టము. ఓడినవానికి మొదటిది కష్టము.

కావున ఇంటిలోని పెద్దలకు మా విన్నపము ఒకటి కలదు. పిల్లవాడు గుఱ్ఱమును దూకించుటకు చేయెత్తినప్పుడు వెంటనే తప్పనకుడు. దూకనిండు. గుఱ్ఱమును మొగమాటము లేక చంపుడు. చేతనైనచో ఆటను గెలువుడు. ఆ తరువాత బలములను పెట్టెలో సర్దకమునుపు ఒక్క నిమిషమాగి, “ఏమి చూచి దూకించితివి?” అని అడుగుడు. అతడు చెప్పు జవాబులో ఆశ యున్నదో, లెక్క యున్నదో అప్పుడే తెలియును.